దేవమాలి ఘాట్‌లో మమ్మల్ని ఆదుకున్నవాళ్లకు

సెమిలిగుడలో షెడ్డు నడుపుతున్న మెకానిక్ అన్నకు, ఆ చీకట్లో మా బండిని పికప్‌లోకి ఎక్కించిన ఇద్దరు కుర్రాళ్లకు నేనూ నాన్నా చేతులెత్తి దండం పెడుతున్నాం. ఎదురుగా ఉన్నప్పుడు నోట మాట సరిగా రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది రాయగడ. దేవమాలి మీద సూర్యోదయం చూడాలని నాన్నకి ఏళ్ల నాటి కోరిక. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. ఇంత దగ్గర్లో ఉండీ ఎప్పుడూ వీలుపడలేదు. ఈ చలికాలంలో మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మకు మొక్కుకుని, నా పాత కార్బొరేటర్ బండి మీద లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా కోరాపుట్ చేరాం. పిన్ని వాళ్లింట్లో పడుకుని, తెల్లారగట్ల నాలుగున్నరకే బయల్దేరాం.

కొండ ఎక్కుతున్న కొద్దీ బండి నీరసపడిపోయింది. మూడో గేరు లాగట్లేదు, రెండో గేరూ లాగట్లేదు. రేజ్ పెంచితే డుబుక్కుమని గొంతు పట్టేసినట్టు అవుతోంది. సైలెన్సర్ నుంచి నల్లటి పొగ, పెట్రోలు వాసన. చలికి ఇంజిన్ వేడెక్కలేదేమో అనుకుని చోక్ లాగాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. రెండు మలుపులు దాటకుండానే పూర్తిగా ఆగిపోయింది. నలభై సార్లు కిక్ కొట్టి ఉంటాను. నాన్న శాలువా కప్పుకుని రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నారు. పైకి ఏమీ అనలేదు కానీ, ఆయన చేతులు వణుకుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్లో సిగ్నల్ లేదు.

అప్పుడే కూరగాయల పికప్ ఒకటి కిందికి దిగుతూ వచ్చింది. అందులో కుర్రాళ్లు ఇద్దరూ దేశియాలో, అంటే కోరాపుట్ వైపు యాసలో మాట్లాడుకుంటున్నారు. నా ఒడియా అంతంతమాత్రం. అయినా మమ్మల్ని చూడగానే విషయం అర్థమైపోయింది వాళ్లకి. బస్తాలు ఒక పక్కకి జరిపి, బండిని పైకెత్తి నైలాన్ తాడుతో కట్టారు. నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఒకతను చలిలో వెనక నాతో పాటు నిలబడ్డాడు. సెమిలిగుడలో ఆ షెడ్డు ముందు దించి, డబ్బులు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టి వెళ్లిపోయారు.

మెకానిక్ అన్నది సాలూరు వైపు. "ఏటైనాది బాబూ?" అని తెలుగులో అడగ్గానే సగం ధైర్యం వచ్చింది. ఆయన వెంటనే స్పానర్ పట్టలేదు. ముందు ఎక్కడ ఆగింది, ఎలా ఆగింది, పొగ ఏ రంగు, ఇవన్నీ అడిగారు. తర్వాత ట్యాంకు మూత తీసి చెవి పెట్టి విన్నారు. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదట, మూత తీయగానే బుస్సుమంటుందట. అది కాదని తేల్చుకున్నాకే ప్లగ్ విప్పారు. దీపం బుడ్డి మసి పట్టినట్టు నల్లగా, పొడిగా ఉంది. "ఇది పెట్రోలు ఎక్కువై ఆగినాది. నువ్వు చోక్ లాగి ఇంకా పోసేసినావు" అన్నారు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు, కింద పోసినట్టే పెట్రోలు పోస్తూ ఉంటుంది. గాలి చాలక అది సరిగా మండదు, మసి అవుతుంది. దేవమాలి ఎత్తు ఒక్కదానికే బండి పూర్తిగా ఆగిపోకూడదు కదా అని అడిగాను. అందుకే ఆయన ఇంకా వెతికారు. ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ము. కార్బొరేటర్‌లో పెట్రోలు దిగే సన్న రంధ్రం ఉన్న ముక్కని, అంటే మెయిన్ జెట్‌ని, బయటికి తీసి దాని మీద నంబరు చూపించారు, కంపెనీ సైజు కంటే పెద్దది. బండి బాగా లాగుతుందని ఆరు నెలల కిందట ఒక షెడ్డులో మార్పించాను. అప్పటి నుంచి మైలేజీ పడిపోతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. 200 మీటర్ల ఎత్తున్న రాయగడలో ఎలాగో సరిపోయింది, కొండ మీద బయటపడింది.

డబ్బా వెతికి అసలు సైజు జెట్ వేశారు. ఫిల్టర్ దులిపి, ప్లగ్ రుద్ది గ్యాప్ చూశారు. జెట్‌లోకి దిగి పెట్రోలు ఎంత వెళ్లాలో చూసే సూది, అంటే నీడిల్ మీది అయిదు గాట్లలో మధ్యలో ఉన్న క్లిప్‌ని ఒక గాటు పైకి మార్చారు. అలా చేస్తే నీడిల్ కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. ఇదంతా నన్ను పక్కన నిలబెట్టి, ఒక్కొక్కటీ నా చేతిలో పెట్టి చెప్పారు. సునాబెడ ఇంజిన్ ఫ్యాక్టరీలో రిటైరైన ఒక పెద్దాయన దగ్గర తాను అలాగే నేర్చుకున్నారట.

ఇంకో మాట కూడా చెప్పారు. అన్నీ సరిగా ఉన్నా ప్రతి వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం శక్తి తగ్గుతుంది, కాబట్టి ఇద్దరితో ఎక్కేటప్పుడు బండిని తిట్టకుండా కింది గేరులో వెళ్లాలి. కార్బొరేటర్ లేని ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ పెట్రోలు తగ్గించుకుంటుంది కానీ శక్తి తగ్గడం మాత్రం వాటికీ తప్పదు. లడఖ్ వెళ్లాలనుకునే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా మీద గాలి ఒత్తిడి సముద్ర తీరంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే.

కూలి ఎంత అంటే, "బోణీ బేరం, వంద ఇయ్యి" అన్నారు. జెట్‌కి తీసుకోలేదు. సూర్యోదయం పోయింది కానీ, ఆ సాయంత్రం నాన్నతో కలిసి దేవమాలి మీద సూర్యాస్తమయం చూశాను. పైకి చేరేదాకా బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

మర్నాడు రాత్రి అన్న ఫోన్ చేశారు. "క్లిప్ మళ్లీ కిందికి దింపినావా? లేకపోతే మైదానంలో పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కిపోద్ది." అప్పటికి దింపలేదు, పొద్దున్నే దింపాను. వంద రూపాయల పని చేసిన మనిషి గుర్తుపెట్టుకుని మరీ ఫోన్ చేశారు. నాన్న ఇప్పటికీ ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఈ ముక్క చెబుతున్నారు.

కుర్రాళ్ల పేర్లు అడగలేదు, అదే బాధగా ఉంది. వాళ్ల నైలాన్ తాడు నా దగ్గరే ఉండిపోయింది, నీలం రంగుది. పొట్టంగి, సెమిలిగుడ వైపు ఉన్నవాళ్లెవరికైనా ఆ కూరగాయల పికప్ తెలిస్తే చెప్పండి. సంక్రాంతికి అరిసెలతో పాటు తాడు కూడా తీసుకుని వస్తాం, షెడ్డు దగ్గర ఇచ్చి వెళ్తాం.