సీ వ్యూకి రేటు కట్టారు, నీళ్ల పైపుకి?

సంపాదకుల వారికి,

మన విశాఖలో మధురవాడ, కొమ్మాది, ఎండాడ వైపు లేస్తున్న టవర్లు నాకేమీ కంటగింపు కాదు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కంబాలకొండ, సింహాచలం కొండలు. ఊరు అడ్డంగా పరుచుకుంటూ పోతే తవ్వాల్సింది ఆ కొండల్నే. నా గొడవల్లా లెక్కల గురించి. మా అపార్టుమెంటు సంఘం పద్దులు రాసేది నేను.

అమ్మేటప్పుడు బిల్డరు అంతస్తు పెరిగేకొద్దీ చదరపు అడుగుకి రేటు పెంచారు. సముద్రం కనిపిస్తే ఇంకాస్త. మా ఆయన బాల్కనీలో నిలబడి చూసి అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశారు. తీరా చేరాక చూస్తే, సెల్లారులో ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ఉంది గానీ శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్ ట్యాంకులకు ఎక్కే పైపులైను లేదు. కట్టేటప్పుడే వేస్తే సరిపోయేది. ఇప్పుడు వేయాలంటే ప్రతి బాత్రూమూ పగలగొట్టాలి. అందుకని ఆ నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలేసి, ఫ్లష్‌కి ట్యాంకరు నీళ్లు కొంటున్నాం. వేసవిలో మెయింటెనెన్సు డబ్బులు చాలావరకు అలాగే పోతాయి. ఎస్టీపీలోకి గాలి కొట్టే బ్లోయరు తిప్పితే కరెంటు బిల్లు, ఆపితే కంపు. (ఆపిన రోజు మా వాచ్‌మన్ ముందుగా సెల్లారు తలుపు మూస్తాడు.) ఇంకుడు గుంత సంగతంటారా, పార్కింగ్ టైల్స్ కింద భద్రంగా ఉంది!

నగరం తాగేదే రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఎక్కడో దూరాన ఏలేరు జలాశయాల నీళ్లు. వాటిని ఇలా ఫ్లష్ చేసుకునే స్తోమత మనకుందా?

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ గోడ పగుళ్లకే అని చాలామంది అనుకుంటున్నారు. ఒప్పందం ప్రకారం కల్పించాల్సిన సేవల్లో లోపానికీ అది వర్తిస్తుంది. ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు చెబితే 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. ఇది తెలియక ఎస్టీపీ రిపేరుకి మేమే చందాలు వేసుకున్నాం.

జీవీఎంసీ (నగరపాలక సంస్థ) వారికి నా మనవి: జనం చేరొచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు ఎస్టీపీ ఉందా లేదా అని కాదు, పై అంతస్తు దాకా వెళ్లి ఫ్లష్ ట్యాంకు మూత తీసి ఏ నీళ్లు వస్తున్నాయో చూడండి. బిల్డరువి కొన్ని ఫ్లాట్లు మీ దగ్గర తనఖా ఉంచుకుని, జనం చేరాక ఒక వేసవి గడిస్తేనే విడిపించండి. బిల్డర్లు లాభం వదులుకోనక్కర్లేదు. శుద్ధి చేసిన నీళ్లకు వేసే ఆ రెండో పైపు ఖర్చు కూడా రేటులోనే కలుపుకోమనండి. సీ వ్యూకి ఇచ్చినవాళ్లం దానికీ ఇస్తాం. ఏటా ట్యాంకర్లకు పోస్తున్నదానితో చూస్తే అది తక్కువే.

ఇట్లు,
అపార్టుమెంటు సంఘం కోశాధికారి,
కొమ్మాది, విశాఖపట్నం