గడియారం సెంటర్ దగ్గర గిటార్ సరిచేసిన అన్నకు కృతజ్ఞతలు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా బిడ్డ గిటార్ సరిచేసి ఇచ్చిన అన్నా, మీకు మనసారా కృతజ్ఞతలు.

కొత్త గిటారే, కానీ తీగ నొక్కితే వేలికొసలు కోసుకుపోతున్నాయి. పిల్ల ఏడ్చి పక్కన పెట్టేసింది. మీరు స్కేలు పెట్టి చూస్తే పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర లావు తీగ ఎత్తు 4 మిల్లీమీటర్లు ఉంది. నేర్చుకునేవాళ్లకు రెండున్నర దాటితే కష్టమే.

లావైన 12 నంబరు తీగలు విప్పి, సన్నని 10 నంబరువి వేశారు. మొదటి ఫ్రెట్, పద్నాలుగో ఫ్రెట్ ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు చూసి, మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు బిగించారు. తర్వాత అసలు పని. గిటార్ ఒంటి మీద తీగలు ఆనే సన్నని పట్టీని, అంటే శాడిల్‌ను, బయటికి తీసి, పైన ముట్టుకోకుండా అడుగువైపే గరుకు కాగితం మీద అరగదీశారు. అక్కడ 2 మిల్లీమీటర్లు తగ్గితే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ 1 మిల్లీమీటరే దిగుతుంది. తొందరపడి ఎక్కువ తీస్తే తీగ ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది. అందుకే మీరు కొంచెం అరగదీయడం, తీగలు బిగించి ప్రతి ఫ్రెట్ మోగించి వినడం, మళ్లీ విప్పడం. ఎంత ఓపిక అన్నా మీది!

అంతటితో ఆగలేదు. పిల్ల పక్కన కూర్చుని, "వేలు రెండు ఫ్రెట్ల నడుమ కాదమ్మా, ముందు ఫ్రెట్‌కు ఆనుకుని పెట్టు, తక్కువ బలం చాలు" అని చెప్పి, రెండు వేళ్లతో 'E మైనర్' అనే కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) పట్టించారు. ఆరు తీగలూ శుభ్రంగా మోగినయి. పిల్ల మొహం వెలిగిపోయింది.

తీగలకే పైసలు తీసుకున్నారు, పనికి వద్దన్నారు. ఎండాకాలం కారులో పెడితే బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క ముక్క) జిగురు వదులుతుందన్న మీ మాట కూడా తప్పక పాటిస్తున్నాం.