గ్రాస్ టన్ను బరువు కాదు

సంపాదకులకు,

అయ్యా,

మన రేవు వార్తల్లో "50 వేల గ్రాస్ టన్నుల బరువైన ఓడ" వంటి మాటలు కనబడుతున్నాయి. ఓడలు చూస్తూ పెరిగినవాళ్లు చదివే విశాఖ పత్రికలో ఈ తప్పు ఉండకూడదు. గ్రాస్ టన్నేజీ (జీటీ) బరువు కాదు. ఓడలో మూసివున్న భాగాలన్నిటి ఘనపరిమాణం నుంచి కట్టే లెక్క అది.

పొరపాటుకి మూలం మాట పుట్టుకలోనే ఉంది. పాత ఇంగ్లీషులో టన్ అంటే పెద్ద పీపా. 252 గ్యాలన్ల ద్రాక్షసారాయి పట్టేది. ఓడలో ఎన్ని పీపాలు పడతాయో చూసి ఓడ పెద్దదో చిన్నదో చెప్పేవారు, పన్నూ దాని మీదే వేసేవారు. నిండు పీపా ఎంత తూగుతుందన్న దాన్నిబట్టి టన్ను తూకమూ వచ్చింది. పీపా ఒకటే అయినా అది ఆక్రమించే చోటు ఒక కొలత, దాని బరువు ఇంకో కొలత అయ్యాయి. తర్వాతి కాలంలో ఓడ లోపలి చోటుకి 100 ఘనపుటడుగులు ఒక రిజిస్టర్ టన్ను అన్నారు. 1969 నాటి అంతర్జాతీయ ఒప్పందం అదీ తీసేసి సూత్రం పెట్టింది: ఘనమీటర్ల సంఖ్యకి లాగరిథం (10ని ఎన్నో ఘాతానికి పెంచితే ఆ సంఖ్య వస్తుందో ఆ అంకె) కట్టి, దాన్ని 0.02తో హెచ్చవేసి, 0.2 కలిపి, వచ్చినదాన్ని మళ్లీ ఘనమీటర్లతో హెచ్చవేయాలి. లక్ష ఘనమీటర్ల ఓడకి లాగరిథం 5, గుణకం 0.3, జీటీ 30,000. ఇందులో కిలోల ప్రసక్తే లేదు.

ఓడ ఎంత మోస్తుందో చెప్పేది డెడ్‌వెయిట్ టన్నేజీ (డీడబ్ల్యూటీ). సరుకు, ఇంధనం, మంచినీళ్లు, తిండి సామగ్రి, మనుషులు అన్నీ కలిపిన బరువు. ఇనుప ఖనిజం ఎత్తుకుపోయే పెద్ద ఓడకి ఈ అంకె జీటీకి సుమారు రెట్టింపు ఉంటుంది. ప్రయాణికుల ఓడకి సరిగ్గా తిరగబడుతుంది: గదులు, హాళ్లు బోలెడు, మోసే బరువు తక్కువ, కనుక జీటీ చాలా పెద్దది, డెడ్‌వెయిట్ చిన్నది. రెండు రకాలూ వచ్చే రేవు మనది. అంకెలు తారుమారైతే ఏ ఓడ పెద్దదో పాఠకుడికి అర్థం కాదు.

గ్రాస్ అన్న మాటకి ఫ్రెంచిలో పెద్దది, మొత్తమని అర్థం. కొట్లో గుండీలో అగ్గిపెట్టెలో గ్రోసు లెక్కన కొంటే 144 వచ్చేదీ ఆ మాటతోనే. పెద్ద డజను అన్నమాట, 12 డజన్లు.

బరువు టన్నుల్లోనూ మూడున్నాయి. పాత బ్రిటిష్ టన్ను 2,240 పౌండ్లు, అంటే 1,016 కిలోలు. అమెరికా టన్ను 2,000 పౌండ్లు, 907 కిలోలు. మనం వాడేది 1,000 కిలోల మెట్రిక్ టన్ను. 50 వేల అమెరికా టన్నులని మార్చకుండా అలాగే వేసేస్తే 4,600 మెట్రిక్ టన్నులకు పైగా లేని సరుకు రాసినట్టు. బ్రిటిష్ టన్నులో 20 హండ్రెడ్‌వెయిట్లు. ఇరవై తూములు ఒక పుట్టి, ఇరవై మణుగులు ఒక బారువు అని కొలిచిన మనకి ఆ ఇరవై కొత్త కాదు. కొత్తది హండ్రెడ్‌వెయిటే. పేరులో వందే ఉన్నా అది 112 పౌండ్లు, 14 పౌండ్ల స్టోన్లు ఎనిమిది. పాత ఓడల లెక్కల్లో దాన్ని వంద పౌండ్లని అనువదిస్తే మొత్తం దెబ్బతింటుంది. అసలు హండ్రెడ్ కూడా అన్నివేళలా వంద కాదు. స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలో దానికి తోబుట్టువైన మాటకి 120 అని అర్థం. ఇంగ్లండులో చేపలు, మేకులు అమ్మేచోట ఆ 'పొడుగు వంద' చాలాకాలం నిలిచింది.

ఇరవైకి ఇంగ్లీషులో ఇంకో మాట స్కోర్. ఆ మాటకి మూలం కర్ర మీద కోసిన గంటు. గొర్రెలు లెక్కపెడుతూ ఇరవైకొక గంటు పెట్టేవారని చెబుతారు. తొలినాటి క్రికెట్‌లో పరుగులనూ కర్ర మీద గంట్లు కోసే లెక్కపెట్టారు. మధురవాడ స్టేడియంలో వెలిగే స్కోరుబోర్డు పేరు ఆ గంటే. ఇంకో చక్కని సంగతి: మన పదకొండు పది మీద ఒకటి, పన్నెండు పది మీద రెండు. ఇంగ్లీషు ఇలెవెన్ 'ఒకటి మిగిలింది', ట్వెల్వ్ 'రెండు మిగిలాయి'. పది తీసేశాక ఏం మిగిలిందన్న లెక్క. పదమూడు నుంచి వాళ్లూ మూడూ-పది అన్న దారికి వచ్చేశారు.

ఆర్థిక పేజీకి ఒక మాట. 1974లో బ్రిటన్ ప్రభుత్వం మార్చేదాకా అక్కడ బిలియన్ అంటే పది లక్షల పది లక్షలు, మన లక్ష కోట్లు. ఇప్పుడు వంద కోట్లు. అందుకని పాత బ్రిటిష్ పుస్తకం నుంచి అంకె తీసుకునేటప్పుడు అచ్చయిన ఏడాది చూడాలి. జర్మన్ మూలాల్లోనూ నేటి ఫ్రెంచ్ మూలాల్లోనూ ఆ మాట లక్ష కోట్లే.

ఫోర్ట్‌నైట్ పద్నాలుగు రాత్రులు. పక్షం పదిహేను తిథులు. గడువు వార్తల్లో ఒకదానికి ఇంకొకటి రాస్తే దరఖాస్తుదారుకి ఒక రోజు తేడా రావచ్చు. తేదీ వేయడమే క్షేమం.

ఇకపై ఓడ వార్త వేసినప్పుడల్లా అంకె పక్కన జీటీ అనో డీడబ్ల్యూటీ అనో తప్పక వేయించండి. జీటీ పక్కన "బరువు" అన్న మాట మాత్రం కొట్టేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం