వడికిన చేతుల లెక్క

చిరంజీవి అమ్మలుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ శ్రీకాకుళంలో అందరం క్షేమం.

నీ ఎం.ఏ. వ్యాసం చిత్తుప్రతి శ్రద్ధగా చదివాను. పారిశ్రామికీకరణతో జనం పొలం పని వదిలి మిల్లు పనికి మళ్లారని మొదటి పేజీలోనే రాసి ముందుకు వెళ్లిపోయావు. ఆ మాట పూర్తిగా తప్పు కాదు గాని, ఎవరి పని పోయింది, కొత్త పని ఎవరికి దొరికింది అనే రెండు వేర్వేరు ప్రశ్నలు అందులో కలిసిపోయాయి. పని పోయినవాళ్లూ, పని దొరికినవాళ్లూ చాలాచోట్ల ఒకే మనుషులు కారు. ఒక్కోసారి ఒకే దేశంవాళ్లు కూడా కారు. నీ వ్యాసానికి అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు ఇంగ్లండు సంగతి చూడు. యంత్రం రాకముందు అక్కడ ఒక మగ్గానికి సరిపడా నూలు అందించాలంటే కనీసం నలుగురైదుగురు వడకవలసి వచ్చేది, వాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లే. ఒకేసారి ఎన్నో పోగులు వడికే యంత్రాలు, 1760లలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ జెన్నీ, 1779లో శామ్యూల్ క్రాంప్టన్ మ్యూల్, వచ్చిన తరువాత, ఇంటి రాట్నం మీద వచ్చే ఆ సంపాదన రెండు మూడు తరాలు తిరగకుండానే అడుగంటింది. నూలు చవకైనందువల్ల చేనేతవారికి మాత్రం కొన్నేళ్లు మంచి రోజులు వచ్చాయి. వాళ్ల సంఖ్య 1820 ప్రాంతంలో సుమారు 2,40,000కు పెరిగి, మరమగ్గాలు కుదురుకున్నాక 1850 నాటికి 40,000 దరిదాపులకు పడిపోయింది. నేతగాళ్ల దుస్థితి మీద 1834లో పార్లమెంటు ప్రత్యేక కమిటీ విచారణ మొదలుపెట్టింది. అంతకు ముందే రాట్నం మూలపడిన ఆడవాళ్ల గోడుకు చరిత్రలో అంత చోటు దక్కలేదు. మరి వాళ్ల కూతుళ్లు, మనుమరాళ్లు ఏమయ్యారు? కొందరు మిల్లుల్లో చేరారు, నిజమే. కాని 1851 జనాభా లెక్కల్లో వ్యవసాయం తరువాత అతి పెద్ద వృత్తి ఇళ్లలో పనిమనిషి కొలువు. అందులో పది లక్షలకు పైగా ఉన్నారు. ఆవిరి యంత్రం నడిచిన దేశంలో ఆడపిల్లకు ఎక్కువగా దొరికిన పని ఇంకొకరి వంటింట్లో అంట్లు తోమడం. నీ వ్యాసంలో ఈ మాట లేకపోవడం నాకు లోటుగా తోచింది.

మన దేశంలో కథ ఇంకా కఠినం. మాంచెస్టరు నూలు, తరువాత బొంబాయి మిల్లుల నూలు వచ్చి పడినప్పుడు మన నేతవారు ఆ నూలే కొని నేస్తూ చాలాకాలం నిలబడ్డారు. వడికేవారికి ఆ దారి కూడా లేదు. ఇంగ్లండులోలాగా వాళ్లను పిలిచే పట్నాలు దగ్గరలో లేనందువల్ల ఎక్కువమంది పొలం కూలికే వెళ్లారు. అందుకే 1901 నుంచి 1951 వరకు, రైళ్లూ మిల్లులూ వచ్చినా, పనిచేసేవారిలో వ్యవసాయం మీద ఆధారపడినవారి వాటా నూటికి 70 దగ్గరే ఉండిపోయింది. గంగా తీరపు బిహార్‌లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ బుకానన్ 1809–13లో చేసిన సర్వేను 1901 జనాభా లెక్కలతో పోల్చి, పరిశ్రమల మీద బతికేవారి వాటా 18.6 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గిందని ఆర్థిక చరిత్రకారుడు అమియ కుమార్ బాగ్చి చూపించారు. ఆ అంకెల మీద చాలా వాదం నడిచింది. వడికే ఆడవాళ్లను లెక్కలో ఎలా చేర్చాలన్నదే ఆ వాదంలో ఒక ముఖ్యమైన ముడి. ఇంటిపని మధ్య వడికిన నూలును వృత్తి అనాలా, వద్దా అని పండితులు తర్జనభర్జన పడవచ్చు గాని, ఆ నూలు చిలపలు అమ్మి ఉప్పూ చింతపండూ కొన్న ఇల్లాలికి అది పోవడం నిజమైన నష్టమే.

మీ అమ్మమ్మ పొందూరులో వడికిన మనిషి కాబట్టి ఇది నేను పట్టుదలగా చెబుతున్నాను. వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తిని దువ్వి, గింజ తీసి, ఏకులు చుట్టి, 100 కౌంటుకు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) మించిన సన్న నూలు తీసే ఆ పనిలో ఇప్పటికీ ఎక్కువ భాగం ఆడవాళ్లదే. బట్టను చూసినవాళ్లు ముందుగా మెచ్చుకునేది మాత్రం మగ్గాన్నే.

మన ప్రాంతంలో కొత్త పనులు పుట్టలేదని అనను. 1892 ప్రాంతంలో విజయనగరం సీమలో మాంగనీసు గనులు మొదలయ్యాయి. 1893–96 మధ్య బెజవాడ నుంచి ఒడిశాలోని కటకం వరకు రైలు మార్గం పడింది. 1920లో నెల్లిమర్లలో జనపనార మిల్లు వచ్చి, మన గోగునారకు దగ్గరలోనే గిరాకీ కల్పించింది. అయినా అవి చాలక, మనవాళ్లు ఓడలెక్కి రంగూన్ రేవుల్లోకీ బియ్యం మిల్లుల్లోకీ, రైలెక్కి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్, టిటాగఢ్ వైపుకీ వెళ్లారు. 1931లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. కూలీగా అక్కడ లెక్కకెక్కిన మగవాడు ఇక్కడి పట్టికలో కనబడడు. అతని పొలం చూసుకుంటూ మిగిలిన భార్య పనిని లెక్కించేవారు ఎవరు?

అందువల్ల పట్టికలను మళ్లీ వేయి. వడకడాన్నీ నేయడాన్నీ వేర్వేరు వరుసల్లో పెట్టి, ఒక్కొక్కదానిలో ఆడ, మగ లెక్కలు విడదీయి. జిల్లాల విషయంలో మాత్రం జాగ్రత్త: శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలోనూ, తరువాత విశాఖపట్నం జిల్లాలోనూ ఉండి, 1950లో విడి జిల్లా అయింది, విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. పాత జనాభా లెక్కల సంపుటాల్లో తాలూకా స్థాయి అంకెలు దొరికినచోట వాటినే తీసుకుంటే పోలిక నిలుస్తుంది. పండక్కి వచ్చినప్పుడు పొందూరు తీసుకువెళతాను. ఏ పనికి ఎంత కూలి వస్తోందో వడికేవారినే అడిగి రాసుకుందువుగాని.

ఆశీస్సులతో,
అమ్మ