పిల్లల తోటకు సెప్టెంబర్‌లో మొక్కలు కాదు, జూన్‌లో మట్టి ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా సెప్టెంబర్ రాగానే, పోషకాహారం గురించి సర్కారు జరిపే పోషణ మాసం అంటూ పేపర్లలో ఫొటోలు వస్తుంటాయి. అంగన్‌వాడీ ముందు నాలుగు కుండీలు, పక్కన పెద్దవాళ్లు, వాళ్ల ముందు ఎండకి కళ్లు చికిలించి నిలబడ్డ పిల్లలు. మొక్క మాత్రం ఎప్పుడూ పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుంది. మా మనవడు వెళ్లే అంగన్‌వాడీ బోరబండలో ఒక అద్దె ఇంట్లో నడుస్తుంది. ఒక గది, చిన్న వరండా, గేటుకీ గోడకీ మధ్య స్కూటర్ పెట్టుకునేంత జాగా, అంతే. ఆ జాగాలోనే టీచరమ్మ, ఆయమ్మ, ఇంటి పట్టున ఉండే నాలాంటి ఒకరిద్దరు కలిసి పిల్లలతో మట్టి నింపిన సంచుల్లో కూరగాయలు పెంచుతున్నాం. పై నుంచి వచ్చే సాయం వేళకి రాదు, వచ్చినా పిల్లలకు పనికొచ్చేది రాదు, ఆ సంగతి చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

ఒకసారి ఎవరో వచ్చి నిమ్మ, జామ మొక్కలు ఇచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లారు. మట్టి ఎక్కడుందని అడిగిన వాళ్లు లేరు. అయినా జామ కాపుకి వచ్చేసరికి ఈ పిల్లలు ఒకటో తరగతిలోనో రెండో తరగతిలోనో ఉంటారు, మూడేళ్ల పిల్లకి రెండేళ్లు ఆగమని ఎలా చెప్తాం? వాళ్లకి మెంతులు కావాలి, నాలుగైదు రోజుల్లో మొలక కనిపించాలి. తోటకూర అయితే నెల లోపే కోతకి వస్తుంది. బెండ నెలన్నర దాటితే కాయ ఇస్తుంది, అది కాస్త పెద్ద పిల్లలకి. బెండ ఆకు నూగు చేతులకి దురద పెడుతుంది కాబట్టి కోసేటప్పుడు ఒక పెద్ద మనిషి పక్కనే ఉండాలి. పచ్చిమిర్చి జోలికి అసలు వెళ్లొద్దు, పిల్లలు అదే చేత్తో కళ్లు నలుపుకుంటారు. చామ ఆకులు కూడా వద్దు, ఎవరైనా పచ్చి ఆకు కొరికితే నోరంతా ఒకటే దురద. అందంగా ఉందని గేటు దగ్గర గన్నేరు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, అది విషమని ఇంకా చెప్పాల్సి రావడమే ఆశ్చర్యం.

విత్తనాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. షాపు ప్యాకెట్లలో గులాబీ రంగులోనో పచ్చ రంగులోనో మెరిసే గింజలు ఉంటాయి చూశారా, ఆ రంగు ఊరికే వేసింది కాదు, తెగుళ్లు రాకుండా పూసిన మందుకి గుర్తు. పొలంలో రైతుకి అది మంచిదే, కానీ ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి మాత్రం ఇవ్వకూడదు. మేము వంటింటి డబ్బాల్లోవే వాడతాం, మెంతులు, ఆవాలు, రెండు బద్దలు చేసిన ధనియాలు, బొబ్బర్లు. తోటకూర గింజలు మాత్రం కిందటి పంటలో ఒక మొక్కని కోయకుండా వదిలేసి దాని కంకి నుంచి తీసినవి.

తోటకూర గింజ ఆవగింజ కంటే చిన్నది, చెమట చేతులకి అంటుకుపోయి, విదిలిస్తే అంతా ఒక్క చోటే పడుతుంది. అందుకే రైతులు చేసినట్టే పొడి ఇసుక కలిపి ఇస్తాం, అప్పుడు పిల్లలు ముగ్గు వేసినట్టు చల్లుకుంటూ పోతారు. తర్వాత చీమలు వచ్చి గింజలు మోసుకుపోతాయి, సంచి అంచు చుట్టూ పసుపు చల్లడం కూడా వాళ్ల పనే, బట్టలన్నీ పసుపు చేసుకుంటారు. బొబ్బర్లు మొలిచినప్పుడు ఇంకో తమాషా. మొలకతో పాటు గింజ కూడా రెండు బద్దలై మట్టి పైకి లేస్తుంది కదా, ఒక నాలుగేళ్ల పిల్ల అది చూసి, "నాయనమ్మా, నువ్వు సరిగ్గా పాతలేదు, బయటికొచ్చేసింది" అని బొటనవేలితో మళ్లీ లోపలికి నొక్కేసింది. వద్దంటే వినదు. చివరికి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లాసులో, గ్లాసు గోడకి ఆనించి ఒక గింజ పెట్టి వేరు కిందికి, మొలక పైకి వెళ్లడం చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

"మట్టిలో ఆడుకోవడానికా పంపేది, ఏబీసీడీలు ఎప్పుడు నేర్పుతారు?" అని అడిగే తల్లిదండ్రులు మా గల్లీలోనూ ఉన్నారు. ఈ వయసు పిల్లలకి ఆటే చదువు అని 2022లో కేంద్రం తెచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రమే చెబుతోంది. వేలకు వేలు ఫీజు కట్టే ప్లేస్కూళ్లలో కింద ప్లాస్టిక్ గడ్డి పరిచి గోడ మీద క్యారెట్ బొమ్మ వేస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు!

తిండి సంగతికి వస్తే, ఈ తోటతో కుండ నిండుతుందని ఎవరూ భ్రమపడక్కర్లేదు. వారానికి రెండు గుప్పిళ్ల ఆకు వస్తే గొప్ప, అది పప్పులోకి సరిపోతుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది, అంతకు ముందు సర్వేలో 61 దాకా ఉండేది. దీన్ని రెండు సంచుల తోటకూర మారుస్తుందని నేను అనను. కానీ పళ్లెంలో ఆకు కనిపిస్తే ఏరి పక్కన పెట్టే పిల్లలు, తాము కోసిన ఆకు పడ్డ పప్పుని "ఇది నాది" అని తింటున్నారు, పైన నిమ్మకాయ పిండితే ఇంకా మంచిది, ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి పులుపు సాయం చేస్తుంది. అందరూ తింటారని కాదు. మా మనవడు రోజూ బెండ మొక్కకి నీళ్లు పోస్తాడు, బెండకాయ కూర మాత్రం ముట్టడు.

ఇక నేను అడిగేవి. గేటు పక్కన తవ్వితే సిమెంటు పెచ్చులు, గాజు ముక్కలు తప్ప మట్టి రాదు, బస్తీల్లో చాలా చోట్ల ఇదే పరిస్థితి. కాబట్టి ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపిన సంచులు మృగశిర కార్తెకి ముందే కేంద్రాలకి చేరాలి, అంటే జూన్ మొదటి వారానికి. పచ్చి పేడ పంపొద్దు, పిల్లలు చేతులు పెడతారు. ఉద్యాన శాఖ తలుచుకుంటే ఇదేమీ పెద్ద పని కాదు. కింద పళ్లేలు వద్దు, నీళ్లు నిలిస్తే డెంగీ దోమలు. సంచుల కింద ఇటుకలు పెడితే చాలు, ఇంటి ఓనర్‌కి గోడ చెమ్మెక్కుతుందన్న టెన్షన్ కూడా ఉండదు. మాకు నల్లా రోజూ రాదు కాబట్టి బియ్యం, పప్పు కడిగిన నీళ్లే మొక్కలకి, మూతకి చిల్లులు పెట్టిన పాత సీసాతో పిల్లలే పోస్తారు, మగ్గు ఇస్తే మొక్కని ముంచేస్తారు.

ఇంకో మాట, దీనికి మళ్లీ ఒక రిజిస్టర్ పెట్టొద్దు. టీచరమ్మ ఇప్పటికే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎత్తులు, బరువులు, హాజరు ఎక్కించుకుంటూ కూర్చుంటుంది. ఏ మొక్క ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో కూడా ఎక్కించమంటే ఆవిడ మొక్కల వైపే చూడదు. దానికి బదులు ఎండాకాలంలో ఒక గ్రీన్ నెట్, సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లకి నెలకి ఎంతో కొంత ఇచ్చే ఏర్పాటు చూడండి. ఏప్రిల్, మే నెలల్లో రెండు రోజులు నీళ్లు ఆపితే సంచిలో మట్టి ఇటుకలా గట్టిపడుతుంది, ప్రస్తుతానికి ఆ పని ఆయమ్మే తన సెలవు రోజుల్లో ఊరికే వచ్చి చేస్తోంది.

ఇట్లు,
ఒక నాయనమ్మ,
బోరబండ, హైదరాబాద్