ఎల్.వి. ప్రసాద్ నటించిన మూడు తొలి టాకీలు, మన దగ్గర లేని ఒక చట్టం: కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఈ దేశంలో ఏ సినిమా విడుదల కావాలన్నా సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు మీ శాఖ కింద ఉంది. సర్టిఫికెట్ పొందిన ప్రతి సినిమా నుంచి ఒక మంచి ప్రతిని జాతీయ ఆర్కైవ్‌లో, అంటే పాత సినిమాలను దాచే ప్రభుత్వ భాండాగారంలో, శాశ్వతంగా భద్రపరచాలన్న నిబంధనను చట్టంలో చేర్చమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సినిమా చరిత్రకారులు ఏళ్ల తరబడి అడుగుతున్నదే ఇది. అయితే ఈ మాటను సూత్రంగా చెప్పినంత కాలం ఫైళ్లలోనే ఉండిపోతున్నది కనుక, ఒక మనిషి జీవితం ఆధారంగా చెప్పదలచుకున్నాను. ఆయన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. లోకానికి ఎల్.వి. ప్రసాద్.

ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1908 జనవరి 17న ఒక రైతు కుటుంబంలో ఆయన పుట్టారు. చదువు అబ్బలేదు, నాటకాల మీదికి మనసు పోయింది, ఇంటి మీద అప్పులు పెరిగాయి, అప్పటికే పెళ్లయింది. చేతిలో వంద రూపాయలతో ఇంట్లో చెప్పకుండా బొంబాయి రైలెక్కారని చెబుతారు. అక్కడి స్టూడియోల్లో చిల్లర పనులు చేస్తూ, దొరికిన చిన్న వేషమల్లా వేస్తూ ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీలో చేరారు. ఇంటి పేరుతో సహా ఆ పేరు పలకడం కష్టమై, అక్కడి గుమాస్తా ఒకాయన దాన్ని ఎల్.వి. ప్రసాద్‌గా కుదించాడట. ఎవరో గుమాస్తా తన వీలు కోసం కత్తిరించిన పేరు తరవాత స్టూడియోకూ, ల్యాబ్‌కూ, హైదరాబాదులోని కంటి ఆసుపత్రికీ పేరైంది.

ఇంపీరియల్‌లో చేరడం వల్ల ఆయనకు మరెవరికీ దక్కని చోటు ఒకటి దక్కింది. 1931 మార్చి 14న విడుదలైన తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లో ఆయన చిన్న వేషాలు వేశారు. అదే ఏడాది అక్టోబరు 31న వచ్చిన తొలి తమిళ టాకీ ‘కాళిదాస్’లోనూ కనిపించారు. 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో చండామార్కుల బడిలో చదువు రాని మొద్దబ్బాయి ఆయనే. మూడు భాషల సినిమాలు మాట నేర్చిన తొలి క్షణాల్లో కెమెరా ముందు ఉన్న నటుడాయన.

మంత్రి గారూ, ఈ మూడు సినిమాల్లో ఒక్కటి కూడా ఈ రోజు లేదు. పుణెలోని జాతీయ ఆర్కైవ్‌లో లేవు, బయట ఎవరి దగ్గరా దొరకలేదు. కొన్ని నిశ్చల చిత్రాలు, పత్రికా ప్రకటనలు, పాటల పుస్తకాల వంటి కాగితపు ఆనవాళ్లే మిగిలాయి. మొద్దబ్బాయి ఎలా నడిచాడో, ఏ యాసలో మాట్లాడాడో, ప్రేక్షకులు ఎక్కడ నవ్వి ఉంటారో చెప్పగల ఆధారం లేదు. సినిమా చేతిలో లేకపోవడంతో తెలుగు టాకీ పుట్టినరోజు విషయంలోనే దశాబ్దాలు పొరబడ్డాం. 1931 సెప్టెంబరు 15 అని పుస్తకాల్లో రాసుకున్నాం, సభలు జరుపుకున్నాం. చివరికి ఒక పత్రికా రచయిత ఆనాటి సెన్సారు రికార్డులనూ, పత్రికల ప్రకటనలనూ వెతికి అసలు తేదీ తేల్చవలసి వచ్చింది. అప్పటి ప్రభుత్వపు సెన్సారు కాగితం మిగిలింది, అది ఏ సినిమాకు ఇచ్చారో ఆ సినిమా మిగలలేదు.

నటుడిగా ఆయన ప్రస్థానం ఆ తరవాత చాలాకాలం ఎదుగూ బొదుగూ లేకుండా సాగింది. బొంబాయిలో సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపారు, సహాయ దర్శకుడిగా పనిచేశారు, పృథ్వీ థియేటర్స్ నాటకాల్లో వేషాలు వేశారు. 1946లో సారథీ వారి ‘గృహప్రవేశం’తో దర్శకుడయ్యారు. భానుమతి సరసన కథానాయకుడు కూడా ఆయనే. గూడవల్లి రామబ్రహ్మం గారు ‘పల్నాటి యుద్ధం’ మధ్యలో కన్నుమూస్తే ఆ సినిమాను పూర్తిచేసే బరువు ఆయన మీద పడింది. 1948లో ‘ద్రోహి’లో మళ్లీ తన దర్శకత్వంలో తానే నటించారు. అక్కడి నుంచి కెమెరా ముందు తక్కువగా, వెనక ఎక్కువగా గడిపారు. 1949లో ‘మన దేశం’ తీస్తూ ఒక చిన్న పోలీసు అధికారి వేషానికి నందమూరి తారక రామారావు గారిని తీసుకున్నారు. లాఠీచార్జి దృశ్యంలో కొత్త కుర్రవాడు నిజంగానే లాఠీ ఝళిపిస్తే, కొట్టినట్టు కనిపిస్తే చాలునని దర్శకుడు నచ్చజెప్పవలసి వచ్చిందన్న ముచ్చట ఇప్పటికీ పరిశ్రమలో చెప్పుకుంటారు. 1950లో ‘షావుకారు’, ‘సంసారం’, 1952లో ‘పెళ్ళిచేసి చూడు’, 1955లో ‘మిస్సమ్మ’, 1959లో ‘అప్పుచేసి పప్పుకూడు’ వచ్చాయి. తమిళంలో ‘మనోహర’, హిందీలో ‘శారద’, ‘ఛోటీ బహెన్’ ఆయనవే. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు.

ఆ చిన్న వేషాల కాలం ఆయనకు వృథా పోలేదని నా అభిప్రాయం. సన్నివేశాన్ని మాటల్లో వివరించడం కన్నా తాను నటించి చూపించి నటుల చేత చేయించుకోవడం ఆయన పద్ధతి. ‘మిస్సమ్మ’ చూస్తే దాని ఫలితం తెలుస్తుంది. భార్యాభర్తలైతేనే ఉద్యోగమన్న ప్రకటన చూసి, పెళ్లి కాని ఇద్దరు దంపతులమని చెప్పుకుని అప్పాపురం జమీందారు ఇంట్లో దిగుతారు. అంటే కథలోని పాత్రలే నటులు. జమీందారు దంపతులు ఎదురుగా ఉన్నంతసేపూ సావిత్రి ముఖంలో ఒక మర్యాద నిలిచి ఉంటుంది. వాళ్లు అటు తిరగగానే అదే ముఖంతో, గొంతు పెంచకుండా, రామారావు గారిని ఒక్క చూపు చూస్తుంది. ఆ చూపుకు ఆయన తలదించుకునే తీరులో సగం హాస్యం ఉంది. ఎవరి ఎదుట ఎంత నటించాలో, ఎక్కడ నటన ఆపాలో కొలిచి తెలిసిన మనిషి తప్ప ఆ సన్నివేశాలను అంత తేలికగా నడపలేరు. చక్రపాణి గారి రచన, రాజేశ్వరరావు గారి సంగీతం గురించి మనవాళ్లు రాసినన్ని వ్యాసాలు ఈ దర్శకత్వం మీద రాయలేదన్న ఫిర్యాదు నాకు ఎప్పటినుంచో ఉంది, కాని అది మీకు చెప్పుకోవలసినది కాదు.

2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు గారి శతజయంతి సందర్భంగా దేశంలోని పలు నగరాల్లో పాత సినిమాలు ప్రదర్శించినప్పుడు వాటిలో ‘మిస్సమ్మ’ కూడా ఉంది. దాదాపు 70 ఏళ్ల నాటి సినిమాకు కుర్రకారు వచ్చి కూర్చోగలిగారంటే కారణం ఒక్కటే, దాని ప్రతి ఎక్కడో భద్రంగా ఉంది. వేరే సినిమాలకు ఆ అదృష్టం పట్టలేదు. అదృష్టం అన్న మాట ఎందుకు వాడుతున్నానంటే, మన దగ్గర ఏ సినిమా మిగలాలన్నది నిర్మాత గారి వారసుల ఓపిక మీద, ల్యాబ్ అద్దె ఎవరు కడుతున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది.

ఈ నష్టం ఎలా జరుగుతుందో మీ అధికారులకు తెలియనిది కాదు. 1950ల మొదటి దాకా వాడుకలో ఉన్న నైట్రేట్ ఫిల్ము తేలికగా అంటుకుంటుంది. 2003 జనవరి 8న పుణెలో జాతీయ ఆర్కైవ్ నైట్రేట్ రీళ్లు దాచిన చోటే అగ్నిప్రమాదం జరిగి తిరిగి రాని సినిమాలు బూడిదయ్యాయి. బయట మంటల పాలు కాని పాత రీళ్లను వాటిలోని వెండి కోసం కడిగి అమ్ముకున్నారు. తరవాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము మండదు కాని, ఉక్కపోత గదుల్లో పులుస్తుంది. డబ్బా మూత తీయగానే ఘాటైన వెనిగర్ వాసన కొడుతుంది, రీలు ముడుచుకుపోయి, అంచులు వంకర తిరిగి, చివరికి ఒక చుట్ట మరో చుట్టకు అతుక్కుపోతుంది. ఆ స్థితికి వచ్చిన నెగటివ్ స్కానరు మీదికి ఎక్కదు. డిజిటల్ వచ్చి ఫిల్ము ల్యాబ్‌లు మూతపడినప్పుడు, ఎవరూ వచ్చి తీసుకుపోని డబ్బాల సంగతి ఏమైందో పరిశ్రమలో అందరికీ తెలుసు, ఎవరూ బయటికి చెప్పరు.

డిజిటల్ సినిమాలకు ఈ బెడద లేదనుకోవడం భ్రమ. హార్డ్ డిస్కు పదేళ్లు వాడకుండా పక్కన పడేస్తే తెరుచుకుంటుందన్న హామీ లేదు. థియేటర్లకు పంపే డిజిటల్ ప్రతికి (డీసీపీకి) గడువుతో కూడిన తాళం ఉంటుంది, ఆ తాళంచెవి ఇచ్చిన సంస్థ మూతపడితే లోపల సినిమా ఉన్నా లేనట్టే. 1932 నాటి సినిమా పోయిందని బాధపడుతున్నాం, 2012లో ఒక చిన్న నిర్మాత తీసిన సినిమా ఇప్పటికే పోయి ఉండవచ్చునన్న సంగతి మన ఆలోచనలోకి రావడం లేదు.

మీ శాఖ ఏమీ చేయలేదని నేను అనడం లేదు. జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ కింద సుమారు 2,200 సినిమాల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలు కేటాయించినట్టు 2022లో ప్రకటించారు. అది మెచ్చుకోదగిన పని. అయితే పునరుద్ధరణ చికిత్స మాత్రమే. 1954 నుంచి ప్రచురణకర్త తన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా వంటి గ్రంథాలయాలకూ పంపాలన్న చట్టం ఉంది. అందువల్లనే పల్లెటూరి కవి అచ్చు వేయించుకున్న శతకం కూడా ఎక్కడో ఒక అలమరలో ఉండే అవకాశముంది. కోట్ల మంది చూసిన సినిమాకు ఆ పాటి రక్షణ లేదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించినప్పుడు పైరసీకి శిక్షలు పెంచారు, వయసుల వారీ సర్టిఫికెట్లు తెచ్చారు. భద్రపరచడం మాత్రం ఆ సవరణల్లో చోటు చేసుకోలేదు. ఫ్రాన్సు వంటి దేశాల్లో ఇది ఎప్పటినుంచో చట్టబద్ధంగా ఉంది.

నేను కోరే నిబంధన పెద్ద భారమైనది కాదు. సెన్సారు సర్టిఫికెట్ చేతికి వచ్చిన కొద్ది నెలల్లో తాళం లేని డిజిటల్ ప్రతిని, ఉపశీర్షికలతో, పాటల పల్లవుల జాబితాతో, సాంకేతిక నిపుణుల పూర్తి పేర్లతో ఆర్కైవ్‌కు అందజేయాలి. హక్కులు నిర్మాతవే, ఆయన అనుమతి లేకుండా ఆ ప్రతిని బయట ప్రదర్శించకూడదు, లీకైతే బాధ్యత ప్రభుత్వానిది. ఈ మూడో మాట చట్టంలో స్పష్టంగా లేకపోతే ఏ నిర్మాతా మనస్ఫూర్తిగా ఇవ్వడు, ఆ భయాన్ని తప్పుపట్టలేం. చిన్న నిర్మాతలకు ప్రతి తయారీ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

పాత సినిమాల విషయంలో అసలు చిక్కు హక్కులది. నెగటివ్ హక్కులు ఒకరివి, శాటిలైట్ హక్కులు మరొకరివి, ఆడియో ఇంకొకరిది. నిర్మాణ సంస్థ ఎప్పుడో మూతపడి ఉంటుంది, వారసుల్లో సగం మంది విదేశాల్లో ఉంటారు. ఎవరి సంతకం కావాలో తేలేలోగా రీలు పాడైపోతుంది. నోటీసు ఇచ్చి, నిర్ణీత గడువులోగా ఎవరూ ముందుకు రాకపోతే, పోటీ హక్కుదారుల వివాదంతో నిమిత్తం లేకుండా, భద్రపరచడం వరకే ఆర్కైవ్ ఆ ఫిల్మును స్వాధీనం చేసుకుని స్కాన్ చేసేందుకు చట్టం వీలు కల్పించాలి. ప్రయోగాత్మకంగా ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వంలోని 1946-1959 మధ్య చిత్రాలతోనే మొదలుపెట్టవచ్చు. ‘గృహప్రవేశం’, ‘ద్రోహి’, ‘మన దేశం’, ‘షావుకారు’ వంటి వాటికి మూల నెగటివ్ ఉన్నదా, దాని నుంచి తీసిన నకలు (డ్యూప్ నెగటివ్) మాత్రమే ఉన్నదా, లేక టీవీ కోసం తీసిన టేపే మిగిలిందా అన్న వివరంతో ఒక జాబితా ప్రకటించండి. యూట్యూబ్‌లో మసకగా ఆడుతున్నంత మాత్రాన ఆ సినిమా బతికి ఉన్నట్టు లెక్కవేయకూడదు.

పనివాళ్లు లేరన్న సాకు కూడా చెల్లదు. ప్రసాద్ గారి పేరుతో నడుస్తున్న సంస్థ దేశదేశాల పాత సినిమాలను ఫ్రేము ఫ్రేముగా బాగుచేస్తున్నది, ఫిల్మును స్కాన్ చేసే యంత్రాలు తయారుచేసే జర్మనీ సంస్థను కూడా కొన్నది. ఎవరెవరి సినిమాలకో పునర్జన్మ ఇస్తున్న ఆ చోట, దాని స్థాపకుడు మొదట నటించిన మూడు టాకీలు బాగుచేద్దామన్నా ఒక్క అడుగు ఫిల్ము లేదు. ఆ మూడింటి కోసం విదేశీ ఆర్కైవ్‌లకు, ముఖ్యంగా భారతీయ టాకీలు ఆనాడు ఆడిన బర్మా, సింహళం, మలయా ప్రాంతాల్లోని సంస్థలకు, మీ శాఖ నుంచి అధికారికంగా లేఖలు వెళ్లాలని కూడా కోరుతున్నాను. దొరుకుతాయన్న ఆశ ఎక్కువ లేదు. అయినా ప్రభుత్వం అడగడం వేరు, ఒక పరిశోధకుడు తన ఖర్చుతో ఈమెయిలు పంపుకోవడం వేరు.

ఈ లేఖ ప్రతిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సినిమాటోగ్రఫీ మంత్రులకు కూడా పంపుతున్నాను. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, కంటి ఆసుపత్రి మరో రాష్ట్రంలో, స్టూడియో చెన్నైలో ఉన్న మనిషి విషయంలో ఎవరి బాధ్యత ఎంత అన్న తర్కం మొదలైతే పని జరగదు. షూటింగులకు స్థలాలూ, రాయితీలూ ఇస్తున్న రెండు ప్రభుత్వాలూ కలిసి, చల్లదనం, తేమ అదుపులో ఉండే ఒక నిల్వ కేంద్రాన్ని తెలుగు నేల మీద ఏర్పాటు చేస్తే, మద్రాసులోనూ మన జిల్లాల డిస్ట్రిబ్యూటర్ల గోదాముల్లోనూ మిగిలిన డబ్బాలకు పుణె దాకా ప్రయాణం తప్పుతుంది.

చట్ట సవరణ ముసాయిదా ఎప్పటికి సిద్ధమవుతుందో, పైన చెప్పిన జాబితాను మీ శాఖ ప్రకటించగలదో లేదో తెలియజేస్తూ సమాధానం ఇవ్వవలసిందిగా ప్రార్థన. సమాధానం ఆంగ్లంలో ఉన్నా, హిందీలో ఉన్నా పరవాలేదు, దాన్ని తెలుగులోకి మార్చి ఇదే విధంగా పాఠకుల ముందు పెడతాను.

భవదీయుడు,
ఏలూరు ప్రాంతపు ఒక సినిమా ప్రేక్షకుడు