ప్రింట్‌మేకింగ్ గది దగ్గర ఆగిన మీకు

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో స్టూడియో ఆర్ట్ చదువుతున్నాను. 60 యూనిట్లు (క్రెడిట్లు) పూర్తయితే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయిపోయినట్టే అనుకునేదాన్ని. ఆ రోజు కారిడార్‌లో ట్యూబ్‌లైట్ కింద ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు కోసం నా చార్‌కోల్ డ్రాయింగులను ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటుంటే మీరు ఆగారు. తెల్ల కాగితమంతా పసుపు తిరిగింది, అంచులు వంకర.

బయట నీడలోకి తీసుకెళ్లారు. మీ వేళ్లకు ఇంకా నల్ల ఇంకు ఉంది. కాగితానికి అంటుతుందని బోర్డును మోచేతులతో పట్టుకుని నిలబడ్డారు. ఫోన్ ఏ మాత్రం వంచకుండా బొమ్మకు ఎదురుగా ఎలా పెట్టాలో చూపించారు. 20 బొమ్మలకు గంటన్నర పట్టింది. ఈలోగా మీ బస్సు వెళ్లిపోయింది.

తర్వాత అసిస్ట్ వెబ్‌సైట్ తెరిచి, ఇక్కడి ఏ కోర్సు అక్కడ దేనికి సమానమో ఓపిగ్గా చూపించారు. నేను చేరబోయిన సిరామిక్స్ నా మేజర్‌కు లెక్కలోకి రాదు, త్రీడీ డిజైన్ వస్తుంది! అలా నాకు ఒక సెమిస్టర్ ఆదా అయింది. మా ఇంట్లో ఈ లెక్కలు తెలిసినవాళ్లు లేరు. అమ్మానాన్నలకు బొమ్మల చదువంటేనే టెన్షన్.

సీటు వచ్చిందండీ. చెబుదామని ఆ గది దగ్గరికి రెండుసార్లు వచ్చాను, మీరు కనిపించలేదు. పేరైనా అడగలేదు. మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.